మౌనమ్మ అన్న ఒక్క మాట

హలో అత్తయ్యను వేదిక ఎక్కించాలని మందుల షాపాయన తొమ్మిదేళ్ళుగా ప్రయత్నిస్తున్నాడు. ప్రతి ఏడూ ఆవిడ ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేది. ఒక ఏడు జలుబు, ఒక ఏడు మోకాలు నొప్పి, ఇంకో ఏడు మరదలి మోకాలు నొప్పి. ఈసారి మాత్రం ఆయన షాపు తాళం వేసుకుని మరీ వచ్చి, బాల్కనీలో ముక్కాలి పీట మీద కదలకుండా కూర్చున్నాడు.

"అత్తయ్యగారూ, ఇది మౌనమ్మ నూరో పుట్టినరోజు. మళ్ళీ రమ్మంటే వస్తుందా? ఆవిడ నోటి మాట స్వయంగా విన్నవాళ్ళు ఇద్దరే మిగిలారు. మీరొకరు, తలుపమ్మ ఒకరు. తలుపమ్మకి ఎనభై ఏడు. మీరు కూడా..." అని ఆగి, "మీరు కూడా పెద్దవారే కదా," అన్నాడు.

"అంటే పోయేలోపు చెప్పేయమంటారు," అంది ఆవిడ బఠాణీలు ఒలుస్తూ.

"అయ్యో, నేనలా అన్నానా?"

"అనలేదు. నాకలా వినపడింది."

లోపలి నుంచి మరదలు ఫక్కున నవ్వింది. మందుల షాపాయన నవ్వలేదు. ఆయనకు మౌనమ్మ విషయంలో హాస్యం ఆడటం చేతకాదు.

హలో అత్తయ్య అసలు పేరు ఆఫీసు కాగితాల మీద తప్ప ఇంకెక్కడా కనపడదు. ముప్పై నాలుగేళ్ళు టెలిఫోను ఎక్స్‌ఛేంజిలో పనిచేసింది. ఇంట్లో ఎవరైనా వెనక నుంచి పిలిస్తే ఇప్పటికీ "ఆఁ" అనదు, "హలో" అంటుంది. తమ్ముడి కూతురు స్నేహితులు పెట్టిన పేరు అలా అతుక్కుపోయి, వీధి మొత్తానికి ఆవిడ హలో అత్తయ్యే అయిపోయింది. డెబ్భై ఒకటి నిండాయి. ఏళ్ళ తరబడి హెడ్‌ఫోను నొక్కి నొక్కి ఎడమ చెవి కాస్త మందగించింది. అందుకే ఎవరితో మాట్లాడినా కుడి చెవి వాళ్ళ వైపు తిప్పుతుంది. తెలియనివాళ్ళు ఆవిడ తమను ఓరగా చూస్తోందనుకుంటారు.

ఇక మౌనమ్మ. మౌనమ్మ ఒక దర్జీ భార్య. ముప్పై ఏళ్ళ వయసులో ఒకరోజు పొద్దున్నే మాట్లాడటం మానేసింది. కోపం కాదు, జబ్బు కాదు, మొక్కు కాదు. కారణం మొగుడికీ చెప్పలేదు. చెబితే మానేసినట్టు కాదు కదా! కుట్టుమిషను పక్కన, కిటికీ కింద చాప పరుచుకుని, గుండీల పళ్ళెం ముందు పెట్టుకుని, రంగుల వారీగా ఏరుతూ కూర్చునేది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఊరికే వచ్చి పక్కన కూర్చునేవారు. కూర్చున్నవాళ్ళ గుండె బరువు దిగినట్టు ఉండేది. ఆ మాట ఆనోటా ఈనోటా పాకి, ఎక్కడెక్కడి వాళ్ళో రావడం మొదలుపెట్టారు. దర్జీ పోయాక కూడా రావడం ఆగలేదు. ఆవిడ డెబ్భయ్యో ఏట కన్నుమూసేలోపు, ఆ నలభై ఏళ్ళలో, నోట మొత్తం పదిహేడు మాటలు వచ్చాయని భక్తులు లెక్క తేల్చారు.

ఆ పదిహేడు మాటలకూ మందుల షాపాయన పుస్తకం వేశాడు. ప్రతి పుట్టినరోజుకూ ఫర్నిచరు షాపు పైనున్న హాలు అద్దెకు తీసుకుని, ఆవిడ ఫోటోకు పూలమాల వేసి, అందరూ కలిసి ఒక గంటసేపు మౌనంగా కూర్చుంటారు. తర్వాత భజన, హారతి, భోజనాలు. వెళ్ళేటప్పుడు ప్రసాదంగా ఒక్కొక్కరి చేతిలో ఒక్కో గుండీ పెడతారు.

పదిహేడింటిలో అయిదో మాట హలో అత్తయ్యది. ఆ మాట "పోనీ". దాని మీద మందుల షాపాయన రాసిన వ్యాఖ్యానం తొమ్మిది పేజీలు. కోపం పోనీ, ఆశ పోనీ, నాది అన్నది పోనీ, చివరికి నేను అన్నదీ పోనీ అంటూ ఆయన చాలా దూరం వెళ్ళాడు. హలో అత్తయ్య దాన్ని మూడుసార్లు చదివింది. మూడుసార్లూ ఒక్క ముక్క కొరుకుడు పడలేదు.

ఎందుకంటే ఆ మాటకు అర్థం ఏమిటో ఆవిడకే ఎప్పుడూ తెలియదు.

నలభై తొమ్మిదేళ్ళ కిందటి మాట. అప్పుడు ఆవిడకు ఇరవై రెండు. తండ్రి అచ్చు ప్రెస్సులో అక్షరాలు కూర్చేవాడు. ఎంత తోమినా వేళ్ళకు సిరా వదిలేది కాదు. ఒకే వారంలో ఇంటికి రెండు వచ్చాయి. మంగళవారం ఎక్స్‌ఛేంజి నుంచి ఉద్యోగపు ఉత్తరం. శిక్షణ కోసం ఒక రోజంతా ప్రయాణం చేసి వెళ్ళాల్సిన నగరానికి రమ్మని. శుక్రవారం పెళ్ళివారు. పిల్లవాడు రేడియో మెకానిక్. వాళ్ళకు అమ్మాయి నచ్చింది, కానీ దూరాన ఉద్యోగం చేసే కోడలు వద్దన్నారు.

ఆ పిల్లవాడు ఆవిడకూ నచ్చాడు. పెద్దలు మాట్లాడుకుంటుంటే అతను మూలనున్న పాత రేడియో మూత ఊడదీసి, "ఒక పిన్ను ఇస్తారా?" అని అడిగాడు. ఆవిడ జడలోంచి తీసిచ్చింది. దాంతో లోపల ఏదో గెలికాడు. ఆర్నెల్లుగా గురగురలాడుతున్న పెట్టె ఒక్కసారి గొంతు విప్పింది. పిన్ను తిరిగివ్వడం మరిచిపోయి జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. ఉద్యోగమూ ఆవిడకు ఇష్టమే. రెండూ ఇష్టమే కావడంతో అడిగినవాళ్ళందరికీ "మీ ఇష్టం" అని చెప్పి ఊరుకుంది. తల్లి పెళ్ళి అంటుంది. తండ్రి ఏమీ అనడు. కాలుగాలిన పిల్లిలా ఇంట్లో అటూ ఇటూ తిరిగి, ఆదివారం పొద్దున్న, "పద, మౌనమ్మ దగ్గరికి వెళ్ళొద్దాం," అన్నాడు.

ఆ గదిలో ఏం జరిగిందో హలో అత్తయ్యకు ముక్కలు ముక్కలుగా గుర్తు. తలుపు దగ్గర ఒకావిడ కూర్చుని ఉంది. వచ్చేపోయేవాళ్ళను చూసుకునే ఆమె, అందరూ తలుపమ్మ అనేవారు. లోపల మౌనమ్మ. పళ్ళెంలో గుండీలు. తండ్రి చేతులు కట్టుకుని, "అమ్మా, ఉద్యోగం వచ్చింది, సంబంధం వచ్చింది. ఏం చెయ్యమంటారు?" అని అడిగాడు. చాలాసేపు ఏమీ లేదు. ఒక తెల్ల గుండీ పళ్ళెంలోంచి దొర్లి వచ్చి తన మోకాలి దగ్గర ఆగింది. ఈ ఇరవై రెండేళ్ళ పిల్ల దాన్నే చూస్తూ కూర్చుంది. అప్పుడు వినపడింది, "పోనీ" అని. మంచినీళ్ళ గ్లాసు ఒలికితే అంటాం చూడండి, అలా.

మెట్లు దిగుతూనే తండ్రి, "విన్నావా! పోనీ అంది. నిన్ను పోనివ్వమంది," అన్నాడు. మొహం వెలిగిపోతోంది.

ఇంట్లో తల్లి మొహం మాడ్చుకుంది. "పోనీ అంటే ఉద్యోగం పోనీ అనేమో! అమ్మాయిని అని ఎందుకనుకోవాలి?"

"వెళ్ళినవాణ్ణి నేనా, నువ్వా? నాకు తెలీదూ?"

నాలుగు రోజులు ఆ ఇంట్లో పళ్ళాలు మాత్రమే మాట్లాడుకున్నాయి. అయిదో రోజున ఆవిడ రైలెక్కింది.

ఆ తర్వాతి జీవితం చెప్పుకోవడానికి చిన్నదే గానీ, పని మాత్రం చేతినిండా ఉంది. పొడుగాటి గదిలో బోర్డు ముందు పన్నెండు మంది ఆడపిల్లలు వరసగా స్టూళ్ళ మీద. చిన్న దీపం వెలిగితే తీగ గుచ్చాలి, "నంబరు?" అనాలి, ఇంకో తీగ ఇంకో కన్నంలో గుచ్చాలి. రెండు చేతులూ అల్లికలో ఉన్నట్టు తిరుగుతుండాలి. సూపర్‌వైజరమ్మ మొదటి రోజే చెప్పింది. "విన్నది విన్నట్టు చెప్పాలి. వినపడనిది ఊహించి చెప్పకూడదు. మళ్ళీ చెప్పమని అడగాలి." ఆ మాట విన్నప్పుడు ఇరవై రెండేళ్ళ పిల్ల గుండెలో కలుక్కుమంది. తను మౌనమ్మను మళ్ళీ చెప్పమని అడగలేదు కదా!

పెళ్ళి కాలేదు. వద్దనుకోలేదు, కుదరనూ లేదు. ఒకసారి దూరపు ఊరికి ట్రంకాల్ కలుపుతుంటే ఆ రేడియో మెకానిక్ గొంతు వినపడింది. కూతురు పుట్టిందని ఎవరికో చెబుతున్నాడు. మూడు నిమిషాలు అయ్యాక లైను తియ్యాలి. ఆవిడ ఇంకో నిమిషం చూసీచూడనట్టు ఊరుకుని, తర్వాత తీసింది. ఏడ్చిందా అంటే లేదు. ఆ రోజు డ్యూటీలో ఇంకా నాలుగు వందల కాల్స్ ఉన్నాయి. బోర్డులు పోయి యంత్రాలు వచ్చాక ఫిర్యాదుల విభాగంలోకి మార్చారు. తల్లిదండ్రులు పోయాక తమ్ముడి ఇంటికి వచ్చింది. తమ్ముడి కూతుర్ని స్కూలుకు తీసుకెళ్ళింది, జ్వరాలొస్తే పక్కన కూర్చుంది, లెక్కలు రాకపోతే తిట్టింది. ఇప్పుడా పిల్ల పళ్ళ డాక్టరు.

బాగానే గడిచింది. ఎవరడిగినా బాగానే గడిచిందనే చెబుతుంది. లోపల మాత్రం అప్పుడప్పుడు ఒక సందేహం పురుగులా తొలిచేది. ఎవరిని పోనిమ్మంది? దేన్ని పోనిమ్మంది?

పుట్టినరోజునాడు హాలు నిండిపోయింది. మెట్ల మీద చెప్పుల కుప్పలు. కింద ఫర్నిచరు షాపులోంచి కొత్త చెక్క వాసన పైదాకా వస్తోంది. మందుల షాపాయన పదిహేడు మాటలనూ పదిహేడు అట్టల మీద రాయించి గోడలకు వరసగా తగిలించాడు. "పోనీ" అన్న అట్ట సరిగ్గా తలుపు పైన ఉంది. బయటికి వెళ్ళేవాళ్ళను సాగనంపుతున్నట్టు ఉంది.

హలో అత్తయ్యను పక్క గదిలో కూర్చోబెట్టారు. ఉదారంగు చీర కట్టుకుంది. చేతిలో చిన్న చీటీ. అందులో నాలుగు వాక్యాలు, తమ్ముడి కూతురు రాసిచ్చింది. ఇంతలో ఒక అమ్మాయి చెయ్యి పట్టుకుని తలుపమ్మ వచ్చింది. చిక్కిపోయి, వంగిపోయి, పెద్ద కళ్ళద్దాల వెనక కళ్ళు మాత్రం చురుగ్గా. ఎదురుగా కూర్చుని హలో అత్తయ్యను ఎగాదిగా చూసింది.

"నువ్వు సిరాచేతులాయన కూతురివి కాదూ?"

హలో అత్తయ్య కుర్చీ ముందుకు జరుపుకుంది. నలభై తొమ్మిదేళ్ళ తర్వాత నాన్న వేళ్ళను గుర్తుపట్టిన మనిషి!

"అవునమ్మా. ఎలా గుర్తుంది మీకు?"

"రెండు జడలు వేసుకున్నావు. ఒక జడకి రిబ్బను ఊడి వేలాడుతోంది. చెబుదామనుకున్నాను, ఊరుకున్నాను. ఆ పిచ్చుక గొడవలో పడిపోయా."

"పిచ్చుకేమిటి?"

"అదే! కిటికీలోంచి లోపలికొచ్చేసింది కదూ? వచ్చి తిన్నగా గుండీల పళ్ళెంలో వాలింది. నేను తువ్వాలు తీసి కొట్టబోయాను. 'పోనీ' అంది ఆవిడ. ఆగిపోయాను. దానంతటదే పోయింది." తలుపమ్మ బోసి నోటితో నవ్వింది. "నాతో మాట్లాడింది ఆ ఏడాదిలో అదొక్కసారే."

హలో అత్తయ్యకు కాసేపు ఏమీ అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. తర్వాత మళ్ళీ అర్థం కాకుండా పోయింది.

"ఆ మాట... మీతో అందా?"

"నాతో కాక? పిచ్చుకను కొట్టబోయింది నేనే కదా!"

ఇంకేదో అడగబోతుండగా మందుల షాపాయన వచ్చి, "రండి రండి, మౌనం మొదలవుతోంది," అని ఇద్దరినీ వేదిక మీదికి నడిపించాడు.

ఆ గంట హలో అత్తయ్యకు నరకం. హాలంతా సూది పడితే వినపడేంత నిశ్శబ్దం. రెండు వందల మంది కళ్ళు మూసుకున్నారు. ఆవిడ తలలో మాత్రం పాత బోర్డు దీపాలన్నీ ఒకేసారి వెలిగి ఆరుతున్నాయి. పిచ్చుక ఉందా ఆ రోజు? ఉంటే తనకు గుర్తుండదా? గుండీ దొర్లింది. గుండీ ఊరికే ఎందుకు దొర్లుతుంది? పిచ్చుక కాళ్ళకు తగిలి దొర్లి ఉంటుంది. లేక పిచ్చుక అన్న మాట చెవిన పడ్డాక ఇప్పుడు తనే దాన్ని తెచ్చి ఆ పళ్ళెంలో వాలుస్తోందా? తలుపమ్మకు నాన్న వేళ్ళు గుర్తున్నాయి, రిబ్బను గుర్తుంది. అన్నీ నిజమై పిచ్చుకొక్కటే అబద్ధమవుతుందా? మరైతే తను రైలెక్కింది ఎవరి మాట మీద? పిచ్చుక కోసం అన్న మాట మీదా? నవ్వొచ్చింది. వెంటనే కళ్ళలో నీళ్ళొచ్చాయి. ముందు వరసలో కూర్చున్న ఒకావిడ కళ్ళు తెరిచి చూసి, అది భక్తి అనుకుని చేతులు జోడించింది.

మౌనం ముగిసింది. మందుల షాపాయన మైకు ముందుకొచ్చి హలో అత్తయ్యను ఆకాశానికెత్తాడు. ఆవిడ లేచింది. చీటీ తీసింది. కళ్ళజోడు పక్క గదిలోనే మరిచిపోయింది. చీటీ మడిచి గుప్పెట్లో పెట్టుకుంది.

"నేను ముప్పై నాలుగేళ్ళు లైన్లు కలిపాను," అంది. మైకులో తన గొంతు తనకే కొత్తగా వినపడింది. "విన్నది విన్నట్టు చెప్పాలని మాకు నేర్పారు. మౌనమ్మ 'పోనీ' అంది, నేను విన్నాను. అది నాతో అంది అనుకున్నాం, మా నాన్నా నేనూ. ఆ మాట పట్టుకునే నేను ఉద్యోగానికి వెళ్ళాను. ఇప్పుడే, గంట కిందట తెలిసింది, అది నాతో అన్నది కాదట. గదిలోకి ఒక పిచ్చుక వచ్చిందట. దాన్ని కొట్టొద్దని ఈ పెద్దావిడతో అందట. నాకు ఏం అనుకోవాలో తెలీడం లేదు. ఇంతే."

కూర్చుంది. హాలులో గుసగుసలు తేనెటీగల్లా లేచాయి. వెనక వరసలో ఎవరో నవ్వారు. ఇంకెవరో, "పిచ్చుక మీద కూడా ఎంత దయ తల్లీ!" అని కళ్ళొత్తుకున్నారు. మందుల షాపాయన మొహంలో నెత్తురు చుక్క లేదు. పాపం, తొమ్మిది పేజీలు!

ముందు వరసలో రిటైరైన లెక్కల మాస్టారు లేచి నిలబడ్డాడు. "అయితే భక్తులతో అన్న మాటలు పదిహేడా, పదహారా? అది తేల్చండి."

"మాట మాటే కదండీ మాస్టారూ, ఎవరితో అంటే ఏం?" అన్నాడు మందుల షాపాయన.

"ఎవరితో అంటే ఏం అంటారేమిటి? పుస్తకంలో 'ఒక యువతికి చేసిన ఉపదేశం' అని మీరే వేశారు!"

మందుల షాపాయన మైకు తీసి తలుపమ్మ ముందు పెట్టాడు. "పెద్దమ్మా, మీరే చెప్పండి. ఆ రోజు మౌనమ్మ ఆ మాట ఎవరితో అంది?"

తలుపమ్మ మైకును చూసింది. జనాన్ని చూసింది. తర్వాత పక్కకు తిరిగి హలో అత్తయ్య మొహం కేసి కాసేపు చూసింది.

"ఈ అమ్మాయితోనే," అంది.

"మరి పిచ్చుక?"

"పిచ్చుకలు రోజూ వస్తాయి. అది ఇంకో రోజు."

హాలు చప్పట్లతో మారుమోగింది. లెక్కల మాస్టారు తృప్తిగా కూర్చున్నాడు. మందుల షాపాయనకు ప్రాణం లేచొచ్చింది. హలో అత్తయ్య మాత్రం గుప్పెట్లోని చీటీని ఇంకా చిన్నగా మడిచింది. రెండు వందల మంది ముందు అబద్ధాలాడినదానిలా కూర్చుంది. భజనలో పెదవులు కదిపింది గానీ ఏ పాట పాడారో తెలియదు.

భోజనాల వేళకు తలుపమ్మను పక్క గదిలో పట్టుకుంది.

"ఏమిటమ్మా ఇది? నాకొకటి చెప్పారు, మైకులో ఇంకోటి చెప్పారు! నన్ను అబద్ధాలకోరును చేశారు."

తలుపమ్మ పెరుగన్నం నెమ్మదిగా కలుపుకుంటోంది. "నీ మొహం చూశాను. ఏదో పారేసుకున్నదానిలా కూర్చున్నావు. ఆవిడ దగ్గర నేను ఇరవై రెండేళ్ళున్నాను. నాతో అన్నవి నాకు ఇంకో మూడున్నాయి. నీకు ఉన్నది అదొక్కటి. నువ్వే ఉంచుకో."

"ఉంచుకోమంటే ఎలాగమ్మా? నాకు దయ వద్దు, నిజం చెప్పండి."

"నిజమా?" తలుపమ్మ ముద్ద నోటి దాకా తెచ్చి ఆగింది. "పిచ్చుక ఉంది. నువ్వూ ఉన్నావు. నేను తువ్వాలు ఎత్తాను. మీ నాన్న అడిగాడు. ఆవిడ కళ్ళు మూసుకుని ఉంది. 'పోనీ' అంది. ఎవరితో అందో ఆవిడకే తెలియాలి. నాతో అందనుకున్నాను కాబట్టి నేను తువ్వాలు దించాను. నువ్వు నీతో అనుకున్నావు కాబట్టి వెళ్ళావు. ఇంతకన్నా నాకు తెలీదు. తిననీ."

మర్నాడు తమ్ముడు వరండాలో షేవింగు చేసుకుంటుంటే హలో అత్తయ్య వెళ్ళి పక్కన నిలబడింది.

"ఒరే, నేను వెళ్ళే ముందు నాన్న ట్రంకు పెట్టెకి కొత్త తాళం వేయించాడు, గుర్తుందా?"

"అప్పుడు నాకు ఎనిమిదేళ్ళక్కా."

"మౌనమ్మ దగ్గరికి వెళ్ళకముందే వేయించాడు. నాకు బాగా గుర్తు. ఆ శనివారమే. అంటే ముందే నన్ను పంపాలని అనుకున్నాడంటావా?"

తమ్ముడు సబ్బు నురగ మొహంతో ఆలోచించాడు. "పెళ్ళయినా పెట్టె కావాలి కదక్కా."

"అదే నాకూ తోచింది," అంది ఆవిడ నీరసంగా.

"ఇప్పుడెందుకక్కా అవన్నీ? నువ్వు లేకపోతే నా కూతురు ఏమైపోయేది? నీకు ఏం తక్కువైంది?"

"తక్కువైందని ఎవరన్నారు? తెలుసుకోవాలని ఉండదా?"

వారం తిరిగేసరికి మందుల షాపాయన పుస్తకం రెండో ముద్రణ ప్రూఫులు పట్టుకొచ్చాడు. అయిదో మాట దగ్గర ఏం వేయమంటారని అడిగాడు. ఆయనకు ఆ వారం రోజులూ సరిగా నిద్ర లేదట. హలో అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని, 'ఒక యువతికి చేసిన ఉపదేశం' అన్న వాక్యాన్ని పెన్సిలుతో కొట్టేసింది. 'గదిలో ఒక యువతి, ఆమె తండ్రి, తలుపు దగ్గరి స్త్రీ ఉన్నారు. పిచ్చుక కూడా ఉందంటారు. ఎవరితో అన్నదో తెలియదు,' అని పక్కన రాసింది.

ఆయన చదివి, పెన్సిలు గీతను వేలితో తడిమాడు. "ఇలా వేస్తే వ్యాఖ్యానం నిలబడదు అత్తయ్యగారూ."

"తొమ్మిది పేజీలున్నాయి కదా, ఒకటో రెండో నిలబడతాయి లెండి."

ఈసారి ఆయన నవ్వాడు. ఆవిడ రాసింది రాసినట్టే వేశాడు కూడా. లెక్కల మాస్టారు ఆ తర్వాత మూడు నెలలు ఆయన షాపులో మందులు కొనలేదు.

అయినా హలో అత్తయ్య మనసు కుదుటపడలేదు. ఒక గురువారం ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి తలుపమ్మ ఇంటికి వెళ్ళింది. తలుపమ్మ మనవరాలి దగ్గర ఉంటోంది, లాండ్రీ పైన రెండు గదులు. కింద నుంచి ఇస్త్రీ ఆవిరి కిటికీలోంచి లోపలికొస్తోంది. తలుపమ్మ మంచం మీద కూర్చుని ఉతికిన మేజోళ్ళను జతలు జతలుగా కలుపుతోంది.

హలో అత్తయ్య మాట గురించి అడగలేదు. దారి పొడుగునా అనుకుంటూ వచ్చిన ప్రశ్న ఇంకొకటి.

"మా నాన్న, ఆ సిరాచేతులాయన, అంతకుముందు ఎప్పుడైనా అక్కడికి వచ్చాడా?"

"వచ్చాడుగా. ఆ వారంలోనే రెండుసార్లు వచ్చాడు, ఒక్కడే."

"ఏమడిగాడు?"

"ఏమీ అడగలేదు. కూర్చున్నాడు. రెండోసారి కళ్ళు తుడుచుకున్నాడు. లేచి వెళ్ళేటప్పుడు నాతో అన్నాడు, 'పిల్లను పంపాలని ఉందమ్మా, ఇంట్లో నా మాట చెల్లదు' అని."

హలో అత్తయ్య మంచం కోడు పట్టుకుంది. ఇంట్లో ఎన్నడూ గొంతెత్తి ఒక్క మాట అనని నాన్న. మెట్ల మీద వెలిగిపోయిన ఆ మొహం. ఇన్నేళ్ళూ అది భక్తి అనుకుంది.

"నిజంగా అన్నాడా? నా కోసం చెప్పడం లేదు కదా?"

తలుపమ్మ ఒక మేజోడు పైకెత్తి వెలుతురులో చూసింది. జత దొరకలేదు. "నీ కోసం ఎందుకు చెబుతాను? అవునూ, ఇంతకీ మీ అక్కయ్య కులాసాయేనా? ఆ టీచరమ్మ?"

హలో అత్తయ్యకు అక్కయ్య లేదు. టీచరమ్మ ఎవరో తెలియదు. అయినా "కులాసాయేనమ్మా," అంది. అని తనే ఆశ్చర్యపోయింది. తర్వాత మంచం మీద కూర్చుని, కుప్పలోంచి ఇంకో బూడిదరంగు మేజోడు వెతికి తీసి తలుపమ్మ చేతికిచ్చింది. ఇద్దరూ కలిసి కుప్ప పూర్తిచేశారు. మనవరాలు టీ పెట్టింది.

తిరుగు ప్రయాణంలో కిటికీ పక్క సీటు దొరికింది. నాన్న ఒక్కడే ఆ గదిలో కూర్చుని ఉండటం, సిరా వేళ్ళతో కళ్ళు తుడుచుకోవడం ఊహించుకుంది. నిజమేనా? తలుపమ్మ ఇంకెవరి నాన్ననో చెప్పిందా? సిరాచేతులాయన అని ఎవరూ అందించకుండా ఆమే అంది కదా మొదట? మరి టీచరమ్మ ఎక్కణ్ణుంచి వచ్చింది? అలా ఆలోచిస్తూ ఆలోచిస్తూ తన స్టాపు దాటి రెండు స్టాపులు పోయింది. దిగి నడిచి వస్తుంటే వీధి మొదట్లో తమ్ముడి కూతురు ఎదురొచ్చింది.

"ఎక్కడికెళ్ళావ్ అత్తా? ఇల్లంతా వెతుకుతున్నాం! ఫోను కూడా ఇంట్లో వదిలేశావ్!"

"తాతయ్య గురించి ఒకటి తెలిసింది," అంది హలో అత్తయ్య. కుడి చెవి మేనకోడలి వైపు ఉండేలా తిరిగి, ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. "నిజమో కాదో నాకు తెలీదు. విన్నది విన్నట్టు చెప్తా, విని నువ్వేమనుకుంటావో చెప్పు."

ఇద్దరూ నెమ్మదిగా ఇంటివైపు నడిచారు. హలో అత్తయ్య లాండ్రీ మెట్ల దగ్గర్నుంచి చెప్పడం మొదలుపెట్టింది.